గాజు పలకల మీద కొండలూ కోటలూ
(రాజా దీన్‌దయాళ్ జీవిత విశేషాలు)



కార్తీక మాసంలో వానలు గట్టిగా పడితే తిరుపతిలో కపిలతీర్థం ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొండ మీద నుంచి నీళ్లు దూకుతుంటే చూడడానికి జనం విరగబడి వస్తారు. వచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంటుంది. తలకోనలో 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం దగ్గరైనా, హార్సిలీ కొండల మీదైనా, కైలాసకోనలోనైనా అదే దృశ్యం. వేలితో ఒక్కసారి నొక్కితే కొండ, నీళ్లు, మబ్బు, మనం అందరం అందులో పడిపోతాం. నచ్చకపోతే తీసేసి ఇంకోటి తీసుకుంటాం.

కానీ నూట యాభై ఏళ్ల కిందట ఒక కొండను ఫొటో తీయాలంటే ఎడ్లబండి కావాలి, గుడారం కావాలి, మందుసీసాలు కావాలి, బరువులు మోసే కూలీలు కావాలి. అలాంటి రోజుల్లో ఒక ప్రభుత్వ ఉద్యోగి సరదాగా కెమెరా పట్టుకుని, ఆ సరదా కోసం చివరికి ఉద్యోగాన్నే వదులుకుని, భారతదేశంలోనే పేరుమోసిన ఛాయాచిత్రకారుడయ్యాడు. ఆయనే రాజా లాలా దీన్‌దయాళ్. ఉత్తరాదిలో పుట్టినా ఆయన పేరు హైదరాబాదుతోనే ముడిపడి ఉంది. చరిత్ర చదువుకుంటున్న విద్యార్థిగా, మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాడిగా ఆయన జీవితం నుంచి నేను నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ఆయన ఫొటోలను అడగాల్సిన ఒక ప్రశ్న కూడా ఉంది. రెండూ మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బాల్యం - విద్య

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానా అనే ఊళ్లో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. అప్పటికి ఫొటోగ్రఫీ ప్రపంచానికి పరిచయమై అయిదేళ్లే అయింది. ఫ్రాన్సులో డాగ్యురే కనిపెట్టిన పద్ధతిని 1839లో లోకానికి ప్రకటించారు. అంటే ఆయనా, ఆ విద్యా ఇంచుమించు ఒకే ఈడువాళ్లు.

ఆయన రూర్కీలోని థామ్సన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివాడు. కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టడానికి కావలసిన మనుషులను తయారుచేసే కళాశాల అది. భూమిని కొలవడం, ఎత్తుపల్లాలు లెక్కకట్టడం, నక్షాలు గీయడం అక్కడ నేర్పేవారు. 1866లో చదువు ముగించుకుని ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖ సచివాలయంలో ఉద్యోగానికి చేరాడు. కట్టడాలకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. నెల జీతం వచ్చే ఉద్యోగం. మన ఇళ్లలో అమ్మానాన్నలు మనకు ఏది రావాలని మొక్కుకుంటారో అలాంటిదే.

ఇండోరు పక్కనే మౌ అనే సైనిక స్థావరం ఉంది. ఆ పేరు చదవగానే మీలో చాలామంది తల ఎత్తి ఉంటారు. అవును, 1891 ఏప్రిల్ 14న బాబాసాహెబ్ అంబేద్కర్ గారు పుట్టిన ఊరు అదే. ఆ చుట్టుపక్కలంతా వింధ్య కొండలు, లోయలు. మౌ దగ్గర్లోనే పాతాళ్‌పానీ జలపాతం ఉంది. బాబాసాహెబ్ పుట్టేనాటికి దీన్‌దయాళ్ మకాం హైదరాబాదుకు మారిపోయింది. కానీ ఆయన కెమెరా పట్టడం నేర్చుకున్నది మాత్రం ఆ ప్రాంతంలోనే.

సరదాగా మొదలైన విద్య

1874 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ల వయసులో, దీన్‌దయాళ్ ఫొటోగ్రఫీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అది ఆయన వృత్తి కాదు, ఆఫీసు పని అయ్యాక చేసుకునే పని. మధ్య భారత సంస్థానాలపై గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన్ను ప్రోత్సహించాడు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆదరణ కూడా దొరికింది. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు ఫొటోలు తీసే అవకాశం కూడా వచ్చింది.

ఇక్కడ ఆనాటి పని ఎంత కష్టమో చెప్పాలి. అప్పట్లో ఫిల్మ్ రోలు లేదు. గాజు పలక మీదే బొమ్మ పడేది. ముందుగా ఆ పలకను శుభ్రంగా తుడిచి, దాని మీద కలోడియన్ అనే జిగురు ద్రవాన్ని ఎక్కడా గుంటలు, గీతలు పడకుండా సమంగా పరచాలి. తరువాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. పలక తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకటి గుడారంలోకి పరుగెత్తి, తడి ఆరకముందే కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో ముగియాలి. ఆరిందా, ఆ పలక దండగే. మన రాయలసీమ ఎండలాంటి ఎండలో తడి ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించుకోండి!

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రోజుల్లో చిన్న బొమ్మ తీసి పెద్దది చేసుకునే వీలు లేదనే చెప్పాలి. కాగితం మీద ఎంత పెద్ద ఫొటో కావాలంటే అంత పెద్ద గాజు పలక మోసుకుపోవాలి. కెమెరా కూడా దానికి తగ్గట్టే పెట్టె అంత ఉండేది. పలకలు, సీసాలు, గుడారం, కడగడానికి నీళ్లు అన్నీ కొండ ఎక్కాలి. ఎక్కిన తరువాత మబ్బు కమ్మితే కూర్చుని ఎదురుచూడాలి. దిగేటప్పుడు కాలు జారితే రోజంతా పడిన కష్టం పగిలిపోయినట్టే.

జలపాతాన్ని తీయడం మరీ కష్టం. పలక మీద బొమ్మ పడడానికి కొన్ని సెకన్లు పట్టేది. కొండ కదలదు కాబట్టి బాగానే వస్తుంది. నీళ్లు ఆగవు కదా! అందుకే ఆ కాలపు ఫొటోల్లో జలపాతం దూది పరిచినట్టో, పాలు ఒలికినట్టో తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు కొందరు కావాలని కెమెరాను స్టాండు మీద పెట్టి అలా తీస్తున్నారు. అప్పుడు అది తప్పనిసరి.

రంగుల సంగతి కూడా వింతగానే ఉండేది. ఆ పలకలకు నీలి రంగు వెలుగే బాగా తెలిసేది, ఎరుపు తెలిసేది కాదు. అందువల్ల ఆకాశం ఏ మబ్బూ లేకుండా తెల్లకాగితంలా వచ్చేది. అడవి నల్లబడేది. మన శేషాచలం ఎర్రరాళ్ల చరియలను ఆ పలక మీద తీసి ఉంటే సాయంత్రం ఎండలో ఎర్రగా మెరిసే కొండ నల్లటి గోడలా కనిపించేది. కాబట్టి కంటికి కనిపించేది కాకుండా పలకకు ఏది కనిపిస్తుందో ముందుగానే లెక్కకట్టుకోవాలి. అంచనాలు వేయడం, కొలతలు తీయడం చదువుకున్న దీన్‌దయాళ్‌కు ఈ లెక్క పట్టుబడింది. ఏ రాతిని ఏ వేళప్పుడు ఏ మూల నుంచి చూడాలో ఆయనకు తెలుసు. ఆయన తీసిన కోటల ఫొటోలు చూస్తే గోడ నిటారుగా ఉంటుంది, మెట్టు మెట్టుగా కనిపిస్తుంది. నక్షా గీసిన చెయ్యి అందులో కనబడుతుంది.

తెల్లవాళ్ల విద్యలో మనవాడు

కొండల ఫొటోలంటే ఆ కాలంలో అందరూ చెప్పుకునే పేరు శామ్యూల్ బోర్న్. ఈయన ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పట్టణంలో బ్యాంకు గుమాస్తా. ఈయన కూడా సరదాకే ఫొటోలు తీసేవాడు. 1863లో భారతదేశానికి వచ్చి హిమాలయాలకు మూడుసార్లు యాత్ర చేశాడు. 1866లో 18,600 అడుగుల ఎత్తున ఉన్న మణిరంగ్ కనుమ దాకా కెమెరాను తీసుకుపోయి ఫొటోలు తీశాడు. అంత ఎత్తులో అంతకుముందు ఫొటో తీసినవాళ్లు లేరు. ఆయన వెంట పదుల కొద్దీ కూలీలు పెట్టెలు మోశారు. బోర్న్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ కూలీల పేర్లు లేవు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఫొటోగ్రఫీ ఖరీదైన విద్య. కెమెరాలు, కటకాలు, మందులు సీమ నుంచి రావాలి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి. పెద్ద స్టూడియోలు చాలావరకు దొరలవే. అలాంటి చోట ఒక భారతీయ ఉద్యోగి వాళ్లతో సమానంగా నిలబడడం చిన్న విషయం కాదు.

1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ పర్యటనకు బయలుదేరినప్పుడు దీన్‌దయాళ్ కూడా వెంట వెళ్లాడు. కొండ మీది గ్వాలియర్ కోట, సాంచీ స్తూపం, ఖజురాహో గుళ్లు, ఓర్ఛా, దతియా రాజభవనాలు ఇవన్నీ ఆయన పలకల మీదికి ఎక్కాయి. వాటిలో నుంచి 80కి పైగా చిత్రాలు ఎంచి, గ్రిఫిన్ రచనతో 1886లో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల గురించి ఒక పెద్ద గ్రంథంగా ప్రచురించారు.

ఉద్యోగమా? కెమెరానా?

తాను మొదలుపెట్టిన దృశ్యచిత్రాల వరుసను పూర్తి చేయాలని దీన్‌దయాళ్ 1885 ప్రాంతంలో రెండేళ్లు సెలవు పెట్టాడు. సెలవు ముగిసేలోపే పని ఎంతగా పెరిగిందంటే ఇక ఆఫీసుకు తిరిగిపోవడం కుదరలేదు. నలభై ఏళ్లు దాటిన వయసులో ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. వైస్రాయ్ డఫరిన్ ఆయన్ను తన ఛాయాచిత్రకారుడిగా నియమించాడు.

మిత్రులారా, దీన్ని చదివి ఉద్యోగాలు మానేయమని నేను చెప్పడం లేదు. మన పరిస్థితి వేరు. మన మీద ఆశలు పెట్టుకున్న ఇళ్లున్నాయి. అయితే ఒక సంగతి గమనించండి. దీన్‌దయాళ్ ఒక్కరోజులో ఉద్యోగం వదల్లేదు. పదేళ్లకు పైగా జీతం తీసుకుంటూనే, మిగిలిన పొద్దులో ఈ విద్యను నేర్చుకున్నాడు. ముందు సెలవు పెట్టి చూశాడు. చేతిలో పని నిలబడిందని తేలాకే అడుగు వేశాడు. ఉద్యోగం కోసం చదివే చదువుకూ, మనసుకు నచ్చిన విద్యకూ శత్రుత్వం లేదని ఆయన జీవితం చెబుతోంది. నక్షాల చదువే ఆయన ఫొటోలకు బలమయింది.

హైదరాబాదు రోజులు

ఆ తరువాత ఆయన హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో చేరాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. చార్మినార్, గోల్కొండ, ఎల్లోరా గుహలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి, కొత్తగా కట్టిన ఫలక్‌నుమా భవనం, విందులు, కవాతులు, వేటలు అన్నీ తీశాడు. పాత హైదరాబాదు ఎలా ఉండేదో నేడు మనకు తెలుస్తున్నదంటే అందులో పెద్ద వాటా ఆయనదే.

1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల మగవాళ్లకు ప్రవేశం లేదు. ఫొటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఆ కాలానికి అది పెద్ద ఆలోచనే. 1893లో అమెరికాలోని షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమతి దక్కింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం. విక్టోరియా రాణి కూడా ఆయన్ను తన ఛాయాచిత్రకారుడిగా గుర్తించింది. 1896లో బొంబాయిలో మరో స్టూడియో ప్రారంభమయింది.

కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా తండ్రి విద్యలోకే వచ్చారు. అయితే 1904లో ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం 1905 జూలై 5న బొంబాయిలో దీన్‌దయాళ్ కన్నుమూశాడు. ఆయన స్టూడియో నుంచి మిగిలిన గాజు నెగెటివ్‌లు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదలయింది.

పేర్లు ఉన్నవాళ్లు - లేనివాళ్లు

ఇంతవరకు చెప్పింది ఆయన గొప్పదనం. ఇప్పుడు ఆ ఫొటోలను మన కళ్లతో చూద్దాం.

1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర అడవిలో వేటకు వచ్చాడు. కర్జన్ దంపతులు చచ్చిపడిన పులి దగ్గర నిలబడి ఉన్న ఫొటో దీన్‌దయాళ్ తీసిన వాటిలో చాలా ప్రసిద్ధమైనది. ఆ ఫొటో కింద దొర పేరుంది, దొరసాని పేరుంది, స్థలం ఉంది, నెల ఉంది, సంవత్సరం ఉంది. కానీ పులి తనంతట తాను తుపాకీ ముందుకు రాదు కదా! డప్పులు కొట్టి, కేకలు వేసి, ప్రాణాలకు తెగించి అడవిని కదిలించేవాళ్లు లేనిదే అలాంటి వేట లేదు. వాళ్ల పేర్లు ఆ కింది అక్షరాల్లో లేవు.

ఇంకో ఫొటో ఉంది. 1899-1900లో దక్కనులో ఘోరమైన కరువు వచ్చింది. నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో, అంటే నేటి ఛత్రపతి శంభాజీనగర్ ప్రాంతంలో, కరువు సహాయ పనులను దీన్‌దయాళ్ స్టూడియో ఫొటోలు తీసింది. ఎముకలు తేలిన మనుషులు, ఆడవాళ్లు, పిల్లలు కెమెరా ముందు గుంపుగా ఉన్నారు. రాజులు నిలబడినట్టే వాళ్లూ కదలకుండా నిలబడ్డారు. గాజు పలక ఇద్దరినీ ఒకే రకంగా పట్టుకుంది. కింద రాసేటప్పుడే తేడా వచ్చింది. రాజు పేరు, బిరుదులు వరుసగా ఉంటాయి. వీళ్లకు మాత్రం కరువు జనం అన్న మాటే మిగిలింది. అదే ఔరంగాబాదులో తరువాత 1950లో బాబాసాహెబ్ కళాశాల పెట్టారు. ఆ ఫొటోలోని వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు అక్కడ చదివి ఉంటారేమో, ఎవరు చెప్పగలరు? చెప్పాలంటే పేర్లు ఉండాలి కదా!

ఇందుకు దీన్‌దయాళ్ ఒక్కణ్ణే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన తీయకపోతే ఆ ముఖాలు కూడా మనకు మిగిలేవి కావు. పనికి డబ్బులిచ్చింది ప్రభుత్వం, పేర్లు రాయించుకున్నది దర్బారు. కోటల ముందు, గుళ్ల ముందు ఎత్తు తెలియడానికి ఒక మనిషిని నిలబెట్టి ఫొటో తీయడం ఆ కాలంలో మామూలు. గోడ ఎంత పెద్దదో చూపించడానికి ఆ మనిషి కొలబద్దలా పనికొచ్చాడు. ఆ కొలబద్ద ఎవరు, ఏ ఊరు, ఆ పూట ఏం తిన్నాడు అని అడిగినవాళ్లు లేరు.

మన ఇళ్లలోకి వద్దాం. మా నాయనమ్మకు రేషన్ కార్డు మీద ఉన్న ఫొటో తప్ప వేరే ఫొటో లేదు. మా ముత్తాతకు అదీ లేదు. ఆయన ఎలా ఉండేవాడో చెప్పడానికి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతారు. మీ ఇళ్లలో కూడా చాలావరకు ఇదే కథ అయి ఉంటుంది. ఎవరికి ఫొటో ఉంది, ఎవరికి లేదు, ఉన్న ఫొటో కింద ఎవరి పేరు ఉంది అన్నది కూడా చరిత్రే. ఎం.ఏ.లో చేరాక ఇది నాకు అర్థమయింది.

మనం చేయగలిగింది

దీన్‌దయాళ్‌కు ఎడ్లబండి నిండా సామాను కావలసి వచ్చింది. మనకు జేబులో ఫోను చాలు. అది సొంతంగా లేనివాళ్లు కూడా స్నేహితుడి ఫోను అడిగి తీసుకోగలరు. కాబట్టి నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ఆయనలాగా ఆగి చూడడం నేర్చుకుందాం. తలకోనకు వెళితే దిగగానే ఫొటో తీయకుండా కాసేపు కూర్చోండి. ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, నీళ్లు రాతిని ఎక్కడ తాకుతున్నాయి, ఏ వేళకు కొండ రంగు మారుతోంది చూడండి. ఒక్కటే గాజు పలక ఉందనుకుని ఒక్క ఫొటో తీయండి. జారే రాళ్ల మీదికి మాత్రం వెళ్లకండి. ఏ ఫొటో కూడా ప్రాణం కంటే ఎక్కువ కాదు.

రెండవది, తీసిన ఫొటోకు ఊరు, తేదీ రాసి పెట్టండి. మీ ఊరి గుట్ట, చెరువు, వంక ఎవరి ఆల్బములోనూ లేకపోవచ్చు. రేపు అక్కడ క్వారీ పడినా, ప్లాట్లు వేసినా ఆ గుట్ట ఇలా ఉండేదని చెప్పడానికి మీ ఫొటో ఒక్కటే సాక్ష్యం కావచ్చు.

మూడవది, ఆ గుట్ట మీద మేకలు కాసే పెద్దాయన, ఆ చెరువు కింద నాట్లు వేసే అమ్మలు ఫొటోలో ఉంటే అడిగి, ఒప్పుకుంటేనే తీసి, పేరు కూడా రాయండి. ప్రింటు తీయించి ఒకటి వాళ్లకు ఇవ్వండి.

చివరిది మన హాస్టల్ గురించి. ప్రతి వార్షికోత్సవానికి మనం గ్రూపు ఫొటో తీయించుకుంటాం. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న అతిథుల పేర్లు, హోదాలు కింద అచ్చవుతాయి. వెనక బెంచీల మీద నిలబడిన మన పేర్లు చాలాసార్లు ఉండవు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మనకు వండిపెట్టిన కుక్, గిన్నెలు తోమిన కామాటి, రాత్రంతా గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ అసలు ఫొటోలోకే రారు. ఈసారి వాళ్లను కూడా పిలుద్దాం. కుర్చీలు చాలకపోతే మనం కింద కూర్చుందాం. ఫొటో వచ్చాక ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ, ఊర్లూ, తరగతులూ వరుసగా రాసి, ఒక కాపీ హాస్టల్ ఆఫీసులో గోడకు తగిలిద్దాం. రాసే పని నాకు అప్పగించినా సరే, సంతోషంగా చేస్తాను.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్!